నాలుగో రోజున వచ్చిన సూర్యుడు: ఆదికాండాన్ని చదవడంలో అసలు చిక్కు

బైబిలు మొదటి పేజీని శ్రద్ధగా చదివేవారికి ఇరవయ్యో వచనం చేరేలోపే ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి దినాన దేవుడు వెలుగు కమ్మని పలుకుతాడు, వెలుగు కలుగుతుంది. అస్తమయం, ఉదయం కలిగి ఒక దినం ముగుస్తుంది. రెండో దినం, మూడో దినం కూడా అలాగే గడుస్తాయి. మూడో దినాన నేల మీద గడ్డి మొలుస్తుంది, పండ్ల చెట్లు లేస్తాయి. సూర్యుడు మాత్రం నాలుగో దినానికి గాని రాడు. మరి అంతవరకూ అస్తమించింది ఏమిటి, ఉదయించింది ఏమిటి?

ఈ ప్రశ్న డార్విన్ తర్వాత పుట్టిందని చాలామంది అనుకుంటారు. సైన్సు తరుముకొస్తుంటే క్రైస్తవులు పాత వాక్యాలకు కొత్త అర్థాలు వెతుక్కున్నారన్న ఎగతాళి కూడా తరచూ వినిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా లేదు. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్ ఈ ప్రశ్నను సూటిగా అడిగాడు. సూర్యచంద్రులు, నక్షత్రాలు లేని మూడు దినాలను మామూలు దినాలుగా బుద్ధి ఉన్నవాడు ఎవడు ఒప్పుకుంటాడన్నాడు. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. దినం అంటే ఇరవై నాలుగు గంటలే, గడ్డి అంటే గడ్డే, అందులో గూఢార్థాలు తవ్వకండి అన్నాడు. మరికొంత కాలానికి అగస్టీన్ మూడో దారి పట్టాడు. దేవుడు సమస్తాన్నీ ఒక్కసారే సృష్టించాడనీ, కాలక్రమంలో విప్పుకునే బీజాలను అందులో ఉంచాడనీ, ఆరు దినాలు గడియారం లెక్క కాదనీ అతని అభిప్రాయం. ఆదికాండం అక్షరార్థం మీద రాసిన గ్రంథానికి అతను పదిహేనేళ్ళ దాకా వెచ్చించాడు. అందులో ఒక హెచ్చరిక ఉంది. భూమి గురించి, నక్షత్రాల గురించి తెలిసిన అవిశ్వాసి ముందు ఒక క్రైస్తవుడు లేఖనాల పేరు చెప్పి తెలివితక్కువ మాటలు మాట్లాడితే నవ్వులపాలయ్యేది అతనొక్కడే కాదు, ఆ లేఖనాలు కూడా అని. భూమి వయసు ఎవరికీ తెలియని ఐదో శతాబ్దపు మాట ఇది.

అంటే ఒకే మూలపాఠానికి మూడు చదువులు ఆనాడే ఉన్నాయి, మూడూ సంఘం లోపలే. వాటిలో ఏదీ ప్రయోగశాల ఒత్తిడి వల్ల పుట్టలేదు. పాఠంలోని మాటలే వాటిని పుట్టించాయి.

ఒక్క దినము, మూడు అర్థాలు

హెబ్రీ భాషలో దినానికి 'యోమ్' అంటారు. ఆదికాండం 1:5లోనే ఈ మాట రెండుసార్లు, రెండు అర్థాల్లో వస్తుంది. దేవుడు వెలుగుకు 'యోమ్' అని పేరు పెట్టాడన్నచోట అది పగలు. అస్తమయము, ఉదయము కలిగి ఒక 'యోమ్' అయిందన్నచోట పగలూ రాత్రీ కలిసిన రోజు. ఇక 2:4లో దేవుడు భూమినీ ఆకాశాన్నీ 'చేసిన దినమందు' అని ఉంటుంది. అక్కడ ఆరు దినాలూ కలిపి ఒకే దినమయ్యాయి. ఏడో దినానికి వస్తే, మిగతా ఆరింటి చివరా వచ్చిన 'అస్తమయమును ఉదయమును' అన్న పల్లవి అక్కడ కనిపించదు. ఆ దినం మొదలవుతుంది గాని ముగిసినట్టు పాఠం చెప్పదు.

అక్షరార్థవాదుల పక్షాన కూడా బలమైన మాటే ఉంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యడం న్యాయం కాదు. నిర్గమకాండం 20:11లో విశ్రాంతి దిన ఆజ్ఞకు ఆధారంగా సృష్టి వారాన్నే చూపిస్తారు. ఆరు రోజులు పని చెయ్యి, ఏడో రోజు ఆగు, దేవుడూ అలాగే చేశాడు కదా అని. పోలిక నిలవాలంటే రెండు వైపులా దినం దినమే కావాలి. ఆదికాండం 1లో 'యోమ్' అంటే లక్షల ఏళ్ళ యుగమని సర్దిచెప్పేవారు ఈ వచనం దగ్గర నీళ్ళు నమలక తప్పదు. ఆ రచయిత మనసులో ఉన్నది మామూలు దినాలే, మామూలు వారమే అని ఒప్పుకోవడం నిజాయతీ. అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ మామూలు వారాన్ని అతను దేనికి వాడుకున్నాడు? కాలం కొలవడానికా, ఒక క్రమాన్ని చూపించడానికా?

పాఠం అల్లికే కొంత జవాబు చెబుతుంది. రెండో వచనంలో భూమి 'నిరాకారముగాను శూన్యముగాను' ఉంది. అంటే లోపాలు రెండు: ఆకారం లేదు, లోపల ఏమీ లేదు. మొదటి మూడు దినాలూ మొదటి లోపాన్ని తీరుస్తాయి. వెలుగూ చీకటీ వేరవుతాయి, పై నీళ్ళూ కింది నీళ్ళూ వేరవుతాయి, నేలా సముద్రమూ వేరవుతాయి. తర్వాతి మూడు దినాలూ రెండో లోపాన్ని తీరుస్తాయి. వెలుగు చీకట్లను ఏలడానికి జ్యోతులు, నీటికీ ఆకాశానికీ చేపలు, పక్షులు, నేలకు జంతువులు, మనుషులు వస్తారు. ఒకటికి నాలుగు, రెంటికి ఐదు, మూడింటికి ఆరు జత. ముందు గదులు కట్టి, తర్వాత కాపురముండేవారిని దింపినట్టు. ఈ అమరికలో సూర్యుడు నాలుగో దినాన రావడం పొరపాటు కాదు, ఉండాల్సిన చోటే ఉన్నాడు.

హెబ్రీ మూలంలో లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. మొదటి వచనంలో ఏడు మాటలు, రెండో వచనంలో పద్నాలుగు. 'మంచిది' అన్న మాట అధ్యాయం మొత్తంలో ఏడుసార్లు వస్తుంది. అదీ దినానికొకటి చొప్పున కాదు. రెండో దినానికి అసలు లేదు, మూడో దినానికీ ఆరో దినానికీ రెండేసి. దేవుడన్న మాట, ఏడో దినం ముగించే రెండో అధ్యాయం మూడో వచనం దాకా లెక్కిస్తే, ముప్పై ఐదుసార్లు, అంటే ఏడు ఐదులు. ఇంత పట్టుగా కూర్చిన రచన సంఘటనల దినచర్య రాసుకున్నట్టు ఉండదు. పద్యం అనలేం గాని, ఆరాధనలో గొంతెత్తి చదవడానికి కూర్చిన గంభీరమైన గద్యం అనవచ్చు.

సూర్యుడి పేరు ఎందుకు లేదు?

ఈ అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబో తెలియాలంటే దాని చుట్టుపక్కల ఏ కథలు ప్రచారంలో ఉన్నాయో చూడాలి. నీనెవె శిథిలాల్లో, అష్షూరు రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికిన మట్టి పలకల నుంచి జార్జ్ స్మిత్ 1876లో బబులోను సృష్టి కావ్యాన్ని ప్రచురించాడు. దాని పేరు 'ఎనూమా ఎలిష్', ఏడు పలకల కావ్యం. అందులో మర్దూకు దేవుడు సముద్ర రూపిణి తియామతును యుద్ధంలో చంపి, ఎండబెట్టడానికి చేపను చీల్చినట్టు రెండుగా చీలుస్తాడు. ఒక సగంతో ఆకాశపు కప్పు వేస్తాడు. ఓడిన పక్షపు నాయకుడు కింగు నెత్తుటితో మనుషులను చేస్తారు. ఎందుకంటే దేవతలకు చాకిరీ చేసేవాళ్ళు కావాలి.

ఆదికాండం 1 ఇప్పుడున్న రూపానికి వచ్చింది యూదులు బబులోను చెరలో ఉన్న క్రీ.పూ. ఆరో శతాబ్దంలోనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మోషే రచన అన్న సంప్రదాయాన్ని అంగీకరించినా వాతావరణం పెద్దగా మారదు, ఐగుప్తులోనూ సూర్యుడు దేవుడే. ఆ నేపథ్యంలో నాలుగో దినం మళ్ళీ చదివితే ఒక వింత కంటపడుతుంది. సూర్యుడికీ చంద్రుడికీ హెబ్రీలో పేర్లున్నా రచయిత వాటిని వాడడు. 'పెద్ద జ్యోతి', 'చిన్న జ్యోతి' అంటాడు, అంతే. సూర్యుడికి హెబ్రీ మాట 'షెమెష్'. బబులోను సూర్యదేవుడు 'షమష్'. ఆ పేరు పలికితే దేవుడి పేరు పలికినట్టే వినిపిస్తుంది. అందుకే వాటిని తగిలించిన దీపాల స్థాయికి దించేశాడు. జ్యోతిష్యానికి పేరుపడ్డ రాజ్యంలో మనుషుల రాతలను ఏలతాయనుకునే నక్షత్రాలకు దక్కింది వాక్యం చివర ఒక్క మాట. గడ్డి మొలవడానికి కూడా సూర్యుడి దయ అక్కర్లేదన్నట్టు మొక్కలను అతనికంటే ముందే నిలబెట్టాడు.

మనిషి విషయంలోనూ అంతే. ఆనాటి రాజ్యాల్లో దేవుడి స్వరూపం అన్న బిరుదు రాజులది. ఆదికాండం దాన్ని తీసి స్త్రీ పురుషులందరికీ ఇచ్చేసింది. ఇది జీవశాస్త్ర వాక్యం కాదు. కొలిచే పరికరం ఏదీ దీన్ని రుజువు చెయ్యలేదు, కొట్టెయ్యనూ లేదు.

'విశాలము' దాచిన సంగతి

తెలుగు బైబిలు పాఠకులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రెండో దినాన దేవుడు జలాల మధ్య 'విశాలము' చేశాడని తెలుగులో ఉంటుంది. చదవగానే అనంతమైన అంతరిక్షం మనసులో మెదులుతుంది. విశ్వం వ్యాకోచిస్తోందని ఇరవయ్యో శతాబ్దంలో తేలిన సంగతిని బైబిలు ముందే చెప్పిందని వాదించేవారికి ఈ మాట దొరికిన వరం. హెబ్రీ మాట 'రాకియ'. దాని ధాతువుకు లోహాన్ని సుత్తితో కొట్టి రేకులా సాగదీయడం అని అర్థం. నిర్గమకాండం 39:3లో యాజక వస్త్రాల కోసం బంగారాన్ని రేకులుగా కొట్టినచోట అదే క్రియ ఉంది. యోబు 37:18 ఆకాశాన్ని 'పోతపోసిన అద్దము'తో పోలుస్తుంది. పైన నీళ్ళను ఆపి ఉంచే గట్టి కప్పు అన్నది ప్రాచీన పశ్చిమాసియా అంతా పంచుకున్న ఊహ. ఆదికాండం రచయిత దాన్ని సరిదిద్దలేదు, దాంతోనే మాట్లాడాడు.

వచనాలు ఏరుకునే పద్ధతిలోని లోపం ఇదే. యెషయా 40:22లో 'భూమండలము' అని ఉంది కాబట్టి భూమి గుండ్రమని చెప్పాడంటారు, కాని అక్కడి హెబ్రీ మాటకు వలయం అని అర్థం. యోబు 26:7 భూమి శూన్యం మీద వేలాడుతోందంటుంది. దాన్ని పట్టుకున్నవారు భూమికి స్తంభాలున్నాయన్న 1 సమూయేలు 2:8ను మాత్రం అలంకారమని పక్కన పెడతారు. ఏది అక్షరార్థమో ఏది అలంకారమో నేటి పాఠ్యపుస్తకం చూసి తేల్చుకోవడం లేఖనానికి గౌరవం ఇచ్చినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి తీర్పు చెప్పే అధికారాన్ని పాఠ్యపుస్తకానికి అప్పగించడమే.

ఈ ఇబ్బందికి ప్రొటెస్టంట్ సంస్కర్త జాన్ కాల్విన్ 1554 నాటి ఆదికాండ వ్యాఖ్యానంలో ఇచ్చిన జవాబుకు ఇప్పటికీ పదును తగ్గలేదు. రెండు గొప్ప జ్యోతుల్లో చంద్రుడు ఒకటని మోషే అన్నాడు, కాని శనిగ్రహం చంద్రుడికంటే పెద్దదని ఖగోళజ్ఞులు రుజువు చేశారు, మరెలా? కాల్విన్ ఖగోళజ్ఞులను తప్పుపట్టలేదు, చంద్రుడికి కొత్త కొలతలూ వెతకలేదు. మోషే మామూలు జనం కంటికి కనిపించేదాన్ని వాళ్ళ భాషలో చెప్పాడనీ, ఖగోళశాస్త్రం నేర్చుకోవాలనుకునేవారు వేరేచోటికి వెళ్ళాలనీ రాశాడు. పసిపిల్లతో దాది మాట్లాడినట్టు దేవుడు వినేవారి స్థాయికి దిగి మాట్లాడతాడన్నది అతని సూత్రం. అరవై ఏళ్ళ తర్వాత, 1615లో, గెలీలియో కూడా తన సమర్థనలో ఇలాంటి మాటే అరువు తెచ్చుకున్నాడు. పరలోకానికి ఎలా వెళ్ళాలో చెప్పడం పరిశుద్ధాత్మ ఉద్దేశం, ఆకాశం ఎలా తిరుగుతుందో చెప్పడం కాదని. 1633లో అతనికి శిక్ష పడింది. సూత్రం మాత్రం నిలిచింది.

లెక్క కట్టినవారు, రాళ్ళు చదివినవారు

1650లో ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ వంశావళులను కూడి సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరు 23కు ముందటి సాయంత్రం మొదలైందని తేల్చాడు. అతన్ని చూసి నవ్వడం ఇప్పుడు సులువు. అతను ఆనాటి అత్యుత్తమ పండితుల్లో ఒకడు. కెప్లర్, న్యూటన్ లాంటివారు కూడా ఇలాంటి లెక్కలు వేశారు. అయితే ఇదే బైబిలు నుంచి యూదుల పంచాంగం క్రీ.పూ. 3761ని, గ్రీకు అనువాదం మీద ఆధారపడ్డ బైజాంటియం సంఘం క్రీ.పూ. 5509ని రాబట్టాయి. అషర్ తేదీలను 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో అచ్చువెయ్యడంతో, తరాల పాఠకులకు ఆ అంచు రాత కూడా లేఖనంలో భాగంలాగే కనిపించింది.

1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ స్కాట్లండ్ తీరంలోని సిక్కార్ పాయింట్‌కు పడవలో వెళ్ళి చూసిన దృశ్యం ఆ అంచు రాతను కదిలించింది. కింద బూడిద రంగు రాతి పొరలు పుస్తకాలను బీరువాలో నిలబెట్టినట్టు నిట్టనిలువుగా ఉన్నాయి. వాటి తలలు కోసేసినట్టు అరిగిపోయాయి. ఆ అరిగిన అంచుల మీద ఎర్ర ఇసుకరాయి పొరలు దాదాపు అడ్డంగా పరుచుకున్నాయి. అంటే ముందు సముద్రం అడుగున మట్టి పేరుకుని రాయి కావాలి, ఆ రాయి మడతపడి నిలబడాలి, పైకి లేచి అరగాలి, దాని మీద మళ్ళీ ఇసుక పేరుకుని రాయి కావాలి. ఆరు వేల ఏళ్ళలో ఇమిడే పని కాదది.

ఈ రాళ్ళు చదివినవారిలో చాలామంది మతాధికారులే కావడం మనం తరచూ మరిచే సంగతి. కేంబ్రిడ్జిలో భూవిజ్ఞానం బోధించిన ఆడమ్ సెడ్జ్‌విక్ ఆంగ్లికన్ గురువు. పైపొరల కంకర అంతా నోవహు జలప్రళయం తెచ్చిందేనన్న తన పాత అభిప్రాయాన్ని 1831లో భూవిజ్ఞాన సంఘం అధ్యక్షుడి హోదాలో బహిరంగంగా వెనక్కి తీసుకున్నాడు. 1925లో టెన్నెసీలోని డేటన్‌లో పరిణామ సిద్ధాంతం బోధించిన స్కోప్స్ మీద జరిగిన విచారణలో బైబిలు పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సైతం, సృష్టి దినాలు ఇరవై నాలుగు గంటలవి కానక్కర్లేదని సాక్షి స్థానంలో ఒప్పుకున్నాడు. భూమి వయసు ఆరు నుంచి పదివేల ఏళ్ళేననీ, పొరలన్నీ జలప్రళయపు పనేననీ చెప్పే నేటి ఉద్యమం సెవెంత్ డే అడ్వెంటిస్టు జార్జ్ మెక్‌క్రెడీ ప్రైస్ రచనల్లో వేళ్ళూని, 1961లో జాన్ విట్‌కంబ్, హెన్రీ మోరిస్ కలిసి రాసిన పుస్తకంతో ఊపందుకుంది. బాసిల్ చదివిన అక్షరార్థం ప్రాచీనమైనదే. దానికి శాస్త్రం వేషం తొడగడం మాత్రం ఇటీవలిది.

1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కా శకలాల్లోని సీసం ఐసోటోపులను కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళన్నాడు. తర్వాతి కొలతలు ఆ అంకెను పెద్దగా కదల్చలేదు. చీకటి రాత్రి కంటికే కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ మసక వెలుగు అక్కడి నుంచి బయలుదేరి దాదాపు 25 లక్షల ఏళ్ళయింది. ఆ కాంతిని దేవుడు దారి మధ్యలోనే సృష్టించి ఉంటాడని కొందరంటారు. 1857లో ఫిలిప్ గాస్ సరిగ్గా ఇలాగే వాదించాడు. తల్లి కడుపున పుట్టని ఆదాముకు బొడ్డు ఉన్నట్టే, చెట్లకు గడవని ఏళ్ళ వలయాలూ, రాళ్ళలో బతకని జీవుల శిలాజాలూ ఉంటాయని. దాన్ని తిరగ్గొట్టినవాడు నాస్తికుడు కాదు, చార్లెస్ కింగ్స్లీ అనే గురువు. దేవుడు రాళ్ళ మీద అంత పెద్ద అబద్ధం రాశాడని నమ్మలేనని అతని బాధ.

పొంతన కుదిర్చే వ్యసనం

అక్షరార్థవాదంకంటే ఎక్కువ హాని చేసేది మరొకటి ఉంది. అది సైన్సుకూ ఆదికాండానికీ వరసబెట్టి పొంతన కుదిర్చే అలవాటు. వెలుగు కమ్మనడం మహా విస్ఫోటం, ఒక్కో దినం ఒక్కో యుగం, జీవుల వరస కూడా సరిపోయింది చూశారా అంటారు. సరిపోలేదు. ఆదికాండంలో పండ్ల చెట్లు మూడో దినానివి, చేపలు ఐదో దినానివి. శిలాజాల్లో చేపలకు దాదాపు 50 కోట్ల ఏళ్ళ వయసు, పూలు పూసి కాయలు కాసే మొక్కలు 13 కోట్ల ఏళ్ళ నాటివి. ఆదికాండంలో పక్షులు నేల జంతువులకంటే ముందు. శిలాజాల్లో పక్షులు నేల మీద తిరిగిన డైనోసార్ల నుంచే వచ్చాయి. పైగా ఆదికాండం రెండో అధ్యాయంలో వరసే మారిపోతుంది. ముందు నరుడు, తర్వాత చెట్లు, తర్వాత జంతువులు, చివర స్త్రీ. రెండు అధ్యాయాలనూ పక్కపక్కన ఉంచిన సంకలనకర్తకు ఈ తేడా తెలియదా? తెలిసే ఉంచాడంటే వరస అతనికి ముఖ్యం కాదన్నమాట.

ఈ వ్యసనానికి పోపు కూడా లోనయ్యాడు. 1927లో విశ్వం వ్యాకోచాన్ని సమీకరణాల్లో చూపి, 1931లో మహా విస్ఫోట సిద్ధాంతానికి మూలమైన ఆదిమ పరమాణువు ఊహను ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ బెల్జియానికి చెందిన కాథలిక్ గురువు. 1951 నవంబరులో పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం 'వెలుగు కమ్ము' అన్న మాటకు సాక్ష్యం చెబుతున్నట్టుందని ప్రసంగించాడు. సంతోషించాల్సిన లెమైత్ర్ ఇబ్బందిపడ్డాడు. తన సిద్ధాంతం మతానికి అనుకూలమూ కాదు, ప్రతికూలమూ కాదన్నది అతని పట్టు. మరుసటి ఏడాది ఖగోళజ్ఞులతో మాట్లాడినప్పుడు పోపు ఆ పోలిక ఎత్తలేదు. లెమైత్ర్ జాగ్రత్తకు కారణం ఉంది. విశ్వానికి ఆది లేదనే స్థిరస్థితి సిద్ధాంతం అప్పుడు గట్టి పోటీలో ఉంది. 1964లో పెంజియాస్, విల్సన్‌లకు ఆకాశం నలుదిక్కుల నుంచీ మహా విస్ఫోటం మిగిల్చిన మైక్రోవేవ్ అవశేష కాంతి తగిలిన తర్వాతే ఆ పోటీ దాదాపు ముగిసింది. ఇప్పటి లెక్కకు విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళు. ఆ అంకె రేపు మారితే విశ్వాసం కూడా మారాలా?

పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీనికి చక్కని దారి వేసి ఉంచాడు. సృష్టి అంటే ఎప్పుడో మొదలవడం కాదు, ఉనికి కోసం ప్రతి క్షణమూ దేవుడి మీద ఆధారపడటం అన్నాడు. లోకానికి ఆది ఉందని అతను లేఖనం వల్ల నమ్మాడు, తర్కంతో రుజువు చెయ్యలేమని ఒప్పుకున్నాడు. ఆది లేని లోకమైనా సృష్టే అవుతుంది. ఈ అర్థంలో మహా విస్ఫోటం సృష్టికి పోటీ కాదు, రుజువూ కాదు.

జీవపరిణామానికీ ఇదే వర్తిస్తుంది. కీర్తన 139:13లో దావీదు తల్లి గర్భంలో తనను నిర్మించినవాడు దేవుడేనంటాడు. అందుకని పిండం ఎదుగుదలను వివరించే పాఠాన్ని ఏ క్రైస్తవుడూ వ్యతిరేకించడు. కణవిభజన జరుగుతుంది, దేవుడూ నిర్మిస్తాడు, రెండూ నిజమే. ఒక్క మనిషి తొమ్మిది నెలల్లో తయారవడానికి ఒప్పుకున్న తర్కాన్ని, జీవకోటి కోట్ల ఏళ్ళలో తయారవడానికి ఎందుకు ఒప్పుకోకూడదు? పైగా ఆదికాండంలో దేవుడు జంతువులను తానే ఒక్కొక్కటిగా మలిచే ముందు, వాటిని 'భూమి పుట్టించుగాక' అంటాడు. పని నేలకు అప్పగిస్తాడు. ఇక్కడా తెలుగు పాఠకుడు ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి. 'వాటి వాటి జాతి ప్రకారము' అన్నచోట 'జాతి' అంటే బడి జీవశాస్త్రంలో చదువుకున్న జాతి కాదు. హెబ్రీ మాట 'మీన్' రకం అన్న మామూలు మాట. రకరకాలుగా ఉన్నాయంటుంది గాని, ఒక రకం మరో రకం కాలేదని ఎక్కడా అనదు.

ఆధారాల్లో ఒక్కటి చూద్దాం. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు, చింపాంజీకి 24. పూర్వీకులు ఒకటే అయితే ఒక జత ఏమైంది? మనిషి రెండో క్రోమోజోము నడిమధ్యలో, మామూలుగా క్రోమోజోముల కొనల్లో మాత్రమే ఉండే డీఎన్ఏ వరస ఎదురెదురుగా అతుక్కుని కనిపిస్తుంది. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటును సెంట్రోమియర్ అంటారు; పనిచెయ్యని రెండో సెంట్రోమియర్ జాడా ఇక్కడ ఉంది. రెండు తాళ్ళు ముడేసిన చోటు అది. మానవ జన్యుపటం రూపొందించే ప్రాజెక్టును నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఇలాంటి ఆధారాలు చూసి పరిణామాన్ని నిస్సంకోచంగా అంగీకరించిన ఇవాంజెలికల్ క్రైస్తవుడు.

ఆదాము, మరణం

ఇంతవరకూ దారి సాఫీగానే ఉంది. ఇక్కడి నుంచి ఎత్తు మొదలవుతుంది, దాన్ని దాచడం మర్యాద కాదు. నేటి మనుషుల జన్యు వైవిధ్యం ఒక్క జంట నుంచి కాక, వేలమంది ఉన్న సమూహం నుంచి వచ్చినట్టు చూపిస్తుంది. రోమా 5లో పౌలు క్రీస్తును ఆదాముతో సరితూస్తాడు. ఒకరి ద్వారా పాపం వచ్చింది, ఒకరి ద్వారా కృప వచ్చింది అని. ఒక పళ్ళెంలో మనిషే లేకపోతే త్రాసు నిలుస్తుందా? 1950లో పోపు పన్నెండో పయస్ మానవ దేహం పూర్వజీవుల నుంచి వచ్చిందా అన్న పరిశోధనకు అభ్యంతరం లేదన్నాడు గాని, ఆదాము ఒక్కడు కాక అనేకులన్న ఊహకు ఒప్పుకోలేదు. 1996లో రెండో జాన్ పాల్ పరిణామం ఊహ స్థాయిని దాటిందని చెప్పినా ఆ ముడి అలాగే ఉండిపోయింది.

ముడి విప్పేవారు రకరకాలు. 'ఆదామ్' అంటే హెబ్రీలో మనిషి, 'అదామా' అంటే నేల, కాబట్టి ఇది మట్టిమనిషి అయిన ప్రతివాడి కథ అంటారు కొందరు. ఉన్న సమూహం నుంచి దేవుడు పిలిచి నిలబెట్టిన ప్రతినిధి ఆదాము అంటారు మరికొందరు. కయీను కథ రెండోవారికి కొంత అండ. హేబెలును చంపాక కయీను తనను కనుగొన్నవారు చంపుతారని భయపడతాడు, భార్యతో ఉంటాడు, ఊరు కడతాడు. ఎవరా మనుషులు? 1655లో ఇసాక్ లా పేరేర్ ఆదాముకు ముందే మనుషులున్నారని ఈ వచనాల ఆధారంగా రాసి చెరసాల పాలయ్యాడు, తర్వాత మాట వెనక్కి తీసుకున్నాడు. రోమా 5:12కు తెలుగు బైబిలు చేసిన అనువాదం ఇక్కడ గమనించదగ్గది: 'మనుష్యులందరు పాపము చేసినందున' మరణం అందరికీ వచ్చింది. గ్రీకు మూలానికి ఇది దగ్గర. అగస్టీన్ చదివిన లాటిన్‌లో అదే చోట 'అతనియందు' అందరూ పాపం చేశారన్న అర్థం వచ్చేలా ఉంది. పుట్టుకతోనే సంక్రమించే దోషమన్న పాశ్చాత్య సిద్ధాంతానికి ఆ మాట పెద్ద ఆధారమైంది. గ్రీకులో చదివిన తూర్పు సంఘాలు ఆ దారిన అంత దూరం వెళ్ళలేదు. ప్రతినిధి అన్న చదువు పౌలు వాదానికీ శిలాజాలకూ ఎక్కువ న్యాయం చేసేలా కనిపిస్తుంది గాని, దాన్ని కూడా పాఠం నోరు తెరిచి చెప్పదు.

మరణం సంగతి అంతకంటే కష్టం. తిన్న దినాన నిశ్చయంగా చస్తావని దేవుడన్నాడు. ఆదాము 930 ఏళ్ళు బతికాడు. కాబట్టి ఆ మరణం గుండె ఆగడం ఒక్కటే కాదని పాఠమే సూచిస్తోంది, పౌలు చెప్పేది కూడా మనుషుల మరణం గురించే. జంతువుల మాటేమిటి? మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందటి ఎముకల మీద కూడా వేటాడిన జంతువుల పంటి గాట్లున్నాయి. 1860లో డార్విన్ తన స్నేహితుడు, క్రైస్తవుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో, బతికున్న గొంగళిపురుగును లోపలి నుంచి తినే కందిరీగ జాతి పురుగులను దయగల దేవుడు కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానన్నాడు. ఏదెను తోటలో తిన్న ఒక్క పండుతో దీన్ని వివరించబోతే కాలక్రమం అడ్డం తిరుగుతుంది. 'చాలా మంచిది' అంటే నొప్పి లేనిదని కాదు, ఉద్దేశానికి తగినదని అర్థమంటే కొంత ఊరట. భూమిని 'లోపరచుకొనుడి' అని మనిషికి చెప్పాడంటే అది అప్పటికే మచ్చికైన లోకం కాదన్నమాట. కాని గొంగళిపురుగుకు ఆ వ్యాకరణం ఏం ఓదార్పు?

బైబిల్లో సృష్టి గురించి మాట్లాడేది ఆదికాండం ఒక్కటే కాదు. యోబు గ్రంథం 38వ అధ్యాయం నుంచి దేవుడు తానే సృష్టిని వర్ణిస్తాడు. అందులో వారం లేదు, ఆదాము లేడు, తోట లేదు, పండు లేదు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావన్న ప్రశ్నతో మొదలవుతుంది. మనుషులెవరూ లేని ఎడారి మీద వాన కురిపించేది ఎవరని అడుగుతాడు. ఆడసింహానికి వేట దొరికించేది ఎవరని అడుగుతాడు. 39వ అధ్యాయం చివర కొండకొమ్మున గూడు కట్టుకున్న గ్రద్ద ఎరను దూరం నుంచే కనిపెడుతుంది, దాని పిల్లలు రక్తం పీలుస్తాయి. దేవుడు ఆ గూటిని కూడా తన పనుల్లో ఒకటిగా చూపించి, సంజాయిషీ ఏమీ చెప్పకుండా, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాడు.